టైమ్ అయిపోయిందని చెప్పే మనిషి

తిరుపతి పిల్లలకు గేమ్ రుచిని మొట్టమొదట ఊరికే చూపించినవాళ్లు వీడియోగేమ్ షాపులవాళ్లు. 1990ల నడిమి కాలం. కలర్ టీవీ ఉంటే ఉన్నోళ్ల కింద లెక్క. కంప్యూటర్‌ను బ్యాంకులోనో యూనివర్సిటీలోనో చూడాల్సిందే. బైరాగిపట్టెడలో, కొర్లగుంటలో, లీలామహల్ వెనక సందుల్లో ఒక చిన్న గది, అందులో రెండు మూడు పోర్టబుల్ టీవీలు, వాటికి తగిలించిన సమురాయ్, మీడియా గేమ్ పెట్టెలు. జపాన్ నింటెండో పెట్టె ఆటలే వాటిలోనూ నడిచేవి. క్యాసెట్ అట్ట మీద 9999 గేములని రాసి ఉండేది. లోపల ఉన్నవి పదో ఇరవయ్యో, అవే రంగు మార్చుకొని మళ్లీ మళ్లీ వచ్చేవి. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట ఉంటే చాలు, మిగతావి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

కొత్త పిల్లోడు వచ్చి గుమ్మం పట్టుకొని చూస్తుంటే షాపాయన లోపలికి పిలిచేవాడు. ఒక లైఫ్ ఊరికే ఇచ్చేవాడు. మారియో గుంతలో పడేదాకా ఆట నీది. పడగానే జాయ్‌స్టిక్ పక్కోడి చేతికి పోయేది. "ఇంక ఆడాలంటే రూపాయి తీసకరా పో" అనేవాడు. పిల్లోడు ఇంటికి పరిగెత్తి అమ్మ దగ్గర గొడవపడి రూపాయి తెచ్చుకుంటే వ్యాపారం, తెచ్చుకోకపోతే లేదు. అంతటితో సరి.

ఆ షాపుల్లో పెరిగి అదే వ్యాపారంలోకి దిగినవాణ్ని నేను. ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ అయ్యాక 2001లో బాలాజీ కాలనీలో ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టాను. మా బావకు చిత్తూరు చర్చి వీధిలో ఫోన్ రీఛార్జ్ షాపు ఉండేది. ఇవాళ పిల్లలు ఫ్రీ ట్రయల్ అంటున్నదాని పుట్టుపూర్వోత్తరాలు ఆ రెండు గల్లాపెట్టెల దగ్గర కూర్చున్నవాళ్లకు కనపడినంత తేటగా ఇంకెవరికీ కనపడలేదని నా నమ్మకం. ఎక్కడా ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి రాస్తున్నాను.

మా సెంటర్ కంటే ముందే ఊళ్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు వచ్చాయి. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో డాస్, లోటస్, ఫాక్స్‌ప్రో నేర్చుకునే రోజులు. సారు టీ తాగడానికి పోగానే ఎవరి జేబులోంచో ఫ్లాపీ బయటికొచ్చేది, అందులోంచి డూమ్. ఈ ఆటను అమెరికాలోని ఐడి సాఫ్ట్‌వేర్ 1993 డిసెంబర్ 10న విస్కాన్సిన్ యూనివర్సిటీ సర్వర్‌లో పెట్టి లోకం మీదికి వదిలింది. మొదటి భాగం, తొమ్మిది లెవెల్స్, ఉచితం. కాపీ చేసుకోండి, పదిమందికి పంచండి అని ఆడిన ప్రతివాడికీ అనుమతి. మిగతా భాగాలు కావాలనిపిస్తే డబ్బు పంపి తెప్పించుకోవాలి. ఈ దారి ముందు వేసినవాడు స్కాట్ మిల్లర్. అపోజీ అనే చిన్న కంపెనీ పెట్టి, 1987లో తన క్రోజ్ ఆటలను భాగాలుగా కోసి, మొదటి భాగాన్ని ఊరికే వదిలాడు. షేర్‌వేర్ అనేవాళ్లు దాన్ని.

తిరుపతి నుంచి అమెరికాకు డాలర్లు పంపి రెండో భాగం తెప్పించుకున్నవాణ్ని నేనైతే చూడలేదు. డాలర్లు ఎక్కడ, మేమెక్కడ. మాకు డూమ్ అంటే ఆ తొమ్మిది లెవెల్సే. ఆఖరి లెవెల్ దాటగానే ఆట తనంతట తానే ఆగి, మిగతాది కొనుక్కోమని ఒక తెర చూపించేది. మేం ఎస్కేప్ నొక్కి మళ్లీ మొదటి నుంచి ఆడుకునేవాళ్లం. కంపెనీకి రూపాయి రాలేదు, మా దగ్గర్నుంచి రూపాయి పోలేదు. ఆ తెర నాకు ఇప్పటికీ గౌరవంగానే గుర్తుంది. ఇంతవరకే ఊరికే, ఇక్కడి నుంచి డబ్బు అని ముఖం మీద చెప్పేది.

2001లో మా సెంటర్‌కు బీఎస్ఎన్ఎల్ డయలప్ లైను. గేమ్‌కూ నెట్‌కూ అప్పటికి సంబంధం తక్కువ, ఆటలన్నీ సెంటర్ లోపలి కంప్యూటర్ల నడుమ ల్యాన్ తీగల మీద నడిచేవి. పగలు మెయిల్ చూసుకునే యూనివర్సిటీ వాళ్లు, ఎంసెట్ ఫలితాలప్పుడు తోసుకొచ్చే తల్లిదండ్రులు. సాయంత్రం ఆరు దాటితే కౌంటర్ స్ట్రైక్. ఈ ఆటకు రెండు జట్లు కావాలి, సరిసమానంగా ఉండాలి. ఐదుగురు వస్తే ఆరోవాడు లేక ఆట కుదరదు, ఐదుగురూ లేచిపోతారు. అప్పుడు నేనేం చేసేవాణ్నంటే, బయట నిలబడి చూస్తున్నవాణ్ని ఎవణ్నో ఒకణ్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టేవాణ్ని. వాడి టైమ్ రాసుకునేవాణ్ని కాదు. ఒకడికి ఊరికే ఇస్తే ఐదుగురి డబ్బులు నిలబడతాయి. ఆ ఊరికే ఆడినవాడు వారం తిరిగేసరికి ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొని వచ్చేవాడు. మా వీధిలో సెంటర్ పెట్టినవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

పుస్తకంలో రాయని ఆ టైమ్ కూడా నా చేతిలోనే ఉండేది. పది నిమిషాలు కాగానే వెనక నిలబడి భుజం తట్టి, "టైమ్ అయిపోయింది నాయనా, కంటిన్యూ చేస్తావా?" అని అడిగేవాణ్ని. చెయ్యనంటే లేపేవాణ్ని. అవునంటే పుస్తకంలో రాసేవాణ్ని. ప్రతిసారీ ఒక మనిషి అడగాలి, ఒక మనిషి ఒప్పుకోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు. జేబులో డబ్బుల్లేని పిల్లోడు ఆ ప్రశ్న దగ్గరే లేచి వెళ్లిపోయేవాడు, అప్పు పడేవాడు కాదు.

రైల్వే స్టేషన్ దగ్గర పుస్తకాల షాపులో డిజిట్ పత్రిక వచ్చేది. 2001 నుంచి ఆ పేరుతో వస్తున్న ఇంగ్లీషు కంప్యూటర్ పత్రిక. చదవడానికి కొన్నవాళ్లెందరో గాని, దాంతో వచ్చే సీడీ కోసం కొన్నవాళ్లు చాలామంది. సీడీలో గేమ్ డెమోలు. కార్ల ఆటైతే ఒక కారు, ఒక రోడ్డు. ఫుట్‌బాలైతే కొద్ది నిమిషాల మ్యాచ్. ఆ ఒక్క రోడ్డు మీదే నెలల తరబడి పందేలు వేసుకున్న జట్టు ఒకటి మా సెంటర్‌లో ఉండేది, మలుపు మలుపూ కళ్లు మూసుకొని చెప్పేవాళ్లు. పూర్తి గేమ్ కావాలంటే మూడు గంటల ప్రయాణంలో చెన్నై ఉంది, బర్మా బజార్ ఉంది. కొత్త గేమ్ లోకమంతా విడుదలైన కొద్ది రోజులకే అక్కడ కాపీ సీడీ దొరికేది. మా ఊరికి వచ్చిన వైస్ సిటీలు, ఐజీఐలు దాదాపు అన్నీ ఆ దారిన వచ్చినవే. ఇది దాచాల్సిన సంగతి కాదు, ఎందుకంటే తర్వాతి కథకు బీజం ఇక్కడే ఉంది. సీడీని కాపీ కొట్టొచ్చు గాని సర్వర్‌ను కాపీ కొట్టలేరు. వస్తువు అమ్మితే దొంగ నకళ్లు వస్తున్నాయని గ్రహించిన కంపెనీలు ఆటను సర్వర్‌లో ఉంచుకొని, నెలనెలా తలుపు తెరిచినందుకు అద్దె వసూలు చేయడం నేర్చుకున్నాయి. 2004 నవంబర్‌లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ పద్ధతికి పెద్ద జెండా. నెల చందా కట్టకపోతే డిస్క్ చేతిలో ఉన్నా ఆట లేదు. కొత్తవాళ్లకు కొన్ని రోజులు ఉచితం. ఈనాటి ఫ్రీ ట్రయల్ రూపం అప్పటికే తయారైపోయింది.

మన దగ్గర 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్క లేని ప్లాన్ ఒకటి ఉండేది. ఆ ఆరు గంటల కోసం అలారం పెట్టుకొని లేచిన తరం ఒకటి తిరుపతి హాస్టళ్లలో ఉంది. నా సెంటర్ షట్టర్ సగం దించి, లోపల గేములు డౌన్‌లోడ్ పెట్టుకొని పడుకునేవాణ్ని. తర్వాత 2011లో కేంద్రం సైబర్ కేఫ్ నిబంధనలు తెచ్చింది. గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టర్ రాయాలి, ఏడాదిపాటు దాచాలి, కార్డు లేని మైనర్ పెద్దవాళ్లు తోడు లేకుండా కూర్చోకూడదు. సాయంత్రం బడి వదలగానే వచ్చే పిల్లలు దాంతో పలచబడ్డారు. 2012, 13 కరెంటు కోతలు ఇంకా దెబ్బ తీశాయి. పక్కనే కరకంబాడిలో అమరరాజా వాళ్లు లోకానికంతా బ్యాటరీలు చేస్తున్నా, ఆరు కంప్యూటర్లను గంటల కొద్దీ మోసే యూపీఎస్ కొనే స్తోమత నాబోటివాళ్లకు లేదు.

ఇప్పుడు చిత్తూరు పోదాం. అసలు మలుపు మా బావ షాపులో జరిగింది.

2003లో రిలయన్స్ 501 రూపాయలు కడితే చేతికి ఫోన్ ఇచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే ప్రీపెయిడ్ సిమ్ పల్లెపల్లెకూ పోయింది. ఫోన్‌తోపాటే గేముల ప్యాకులు వచ్చాయి. "గేమ్స్ ప్యాక్ మూడు రోజులు ఉచితం" అని తెర మీద ఒక మెసేజ్ లేస్తుంది. కింద ఓకే ఉంటుంది. దాన్ని తీసేయడానికని నొక్కినా, పిల్లోడి వేలు తగిలినా, ప్యాక్ మొదలైనట్టే. మూడు రోజుల తర్వాత బ్యాలెన్స్‌లోంచి డబ్బులు పోతుంటాయి. యాదమరి నుంచి, గుడిపాల నుంచి చిత్తూరు వచ్చిన రైతులు మా బావ ముందు ఫోన్ పెట్టి, "నిన్ననే యాభై ఏపిస్తి కదబ్బా, ఒక్క కాల్ గూడా చెయ్యలా, యాడికి పోయినట్టు?" అని అడిగేవాళ్లు. చాలామంది మా బావే తినేశాడనుకున్నారు. ఆయన ఒక్కొక్కరి ఫోన్ తీసుకొని, ఇంగ్లీషు మెసేజ్‌లు వెతికి, స్టాప్ అని పంపి, ఆ ప్యాకులు తీసేవాడు. పొద్దు గూకేదాకా అదే పని, దానికి పైసా రాదు.

గేమ్ ఊరికే చూపించే చరిత్రలో నేను అన్నిటికంటే పెద్ద మార్పుగా ఎంచేది దీన్నే. దామలచెరువు రోడ్డు పక్కన మామిడిపళ్లు అమ్మే ఆమె ముక్క కోసి చేతిలో పెడుతుంది. తింటాం, నచ్చకపోతే బస్సెక్కి పోతాం. మనం ఏమీ చెప్పకుండా పోయామంటే కొనలేదని అర్థం. ఆ గేమ్స్ ప్యాక్ వచ్చిన రోజు నుంచి ఏమీ చెప్పకపోవడం అంటే కొన్నట్టు అయింది. మారియో గుంతలో పడితే ఆట ఆగింది. డూమ్ మొదటి భాగం చివర ఆగింది. నేను భుజం తడితే ఆగింది. ఇక్కడ ఆపాల్సిన భారం ఆడినవాడి మీదికి వచ్చి పడింది, వాడికేమో మొదలైన సంగతే తెలియదు. ఈ పని చేసినవాళ్లను నేను వ్యాపారులుగా గౌరవించలేను.

గొడవ ఢిల్లీ దాకా పోయింది. 2013 జూలైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ఇచ్చింది. ఇలాంటి సర్వీసు మొదలుపెట్టాలంటే కస్టమర్ రెండుసార్లు ఒప్పుకోవాలి, వద్దనుకుంటే దేశమంతటికీ ఒకటే నంబర్, 155223. మా బావ ఆ నంబర్‌ను పెద్ద అక్షరాలతో రాయించి షాపు ముందు కట్టాడు.

తర్వాతి అంకం మన జిల్లాలోనే మొదలైంది. అప్పటి చిత్తూరు జిల్లా సత్యవేడు ప్రాంతంలోని శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో, షావోమీ కంపెనీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. ఇండియాలో తయారైన ఆ కంపెనీ మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ 2015 ఆగస్టులో విడుదలైంది, ధర 6,999. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు బస్సుల్లో పోయి బిగించిన ఫోన్లు అవి. మరుసటేడు 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. డిసెంబర్ ఆఖరుదాకా అన్నీ ఉచితం అన్నారు, మార్చి ఆఖరుదాకా పొడిగించారు. ఆరు నెలలు కూడా నిండకముందే పది కోట్లమంది చేరారు. దేశం దేశమే ఒక ఫ్రీ ట్రయల్‌లో కూర్చుంది. నా సెంటర్ మూతపడింది ఆ ఏడే. ఆ విషయంలో నాకు ఎవరి మీదా కోపం లేదు. రేణిగుంట ఆటోస్టాండ్‌లో కుర్రాడు ఫోన్‌లో ఆడుకోగలుగుతుంటే, గంట లెక్కన అద్దె కట్టి నా గదిలో కూర్చోమనడం న్యాయం కాదు.

2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. ఆట ఉచితం, లోపలి అలంకారాలు డబ్బుకు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం దాన్ని నిషేధించింది, మరుసటేడు జూలైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. దాని సంగతి ఎందరో రాశారు. నేను చెప్పదలచుకున్నది చందా ఆటల సంగతి. ఆపిల్ ఆర్కేడ్ 2019 సెప్టెంబర్‌లో మొదలైంది, అప్పట్లో నెలకు 99 రూపాయలు, మొదటి నెల ఉచితం. మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ 2017లో మొదలై, ఒక దశలో మన దేశంలో కంప్యూటర్‌కు మొదటి నెల 50, తర్వాత నెలకు 349 దగ్గర నిలిచింది. తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో దాన్ని ఎరగని గది లేదు. గూగుల్ ప్లే పాస్ 2022లో మన దేశానికి వచ్చింది, అప్పట్లో నెలకు 99, మొదటి నెల ఉచితం. దానిలోనే ఇంకో వివరం నా కంట్లో పడింది. ఆటోమేటిక్‌గా డబ్బు కట్ కాకుండా ఒక్క నెలకే ముందుగా కట్టుకుంటానంటే 109. అంటే నెలాఖరున నన్ను అడగండి అని కోరుకున్నవాడు పది రూపాయలు ఎక్కువ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నా సెంటర్‌లో ఆ అడగడానికి ధర లేదు.

ఇందులో పిల్లల తెలివీ ఉంది. కొత్త మెయిల్ ఐడీ పెట్టి మళ్లీ మొదటి నెల తీసుకోవడం, ఒక చందాను నలుగురు పంచుకోవడం, డబ్బుల్లేని ఖాతా కార్డు ఇవ్వడం. దాన్ని నేను పెద్ద తప్పుగా చూడను. నాకు బెంగ కలిగేది ఇంకోచోట. పీలేరు వైపు ఊళ్లలో నాన్న కువైట్‌లో ఉంటాడు, ఇంట్లో ఉండే ఒకే ఫోన్ అమ్మదో అవ్వదో. పిల్లోడు ట్రయల్ అడిగితే వాళ్లు పిన్ కొట్టిస్తారు. ఊరికేనంట కదా అని. ఆ పిన్ ఒక్కరోజుకు కాదని, నెలనెలా తీసుకోమని ఇచ్చిన అనుమతి అని వాళ్లకు చెప్పే మనిషి వెనక నిలబడి లేడు.

ఆ మనిషి పనిని కొంతవరకు రిజర్వ్ బ్యాంక్ చేసింది. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు మీద నెలనెలా కట్ అయ్యే చెల్లింపులకు మొదట్లో ఖాతాదారు స్వయంగా ధ్రువీకరించాలి, డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలు ముందుగా మెసేజ్ రావాలి. ఈ నిబంధన వస్తోందనగానే అమెజాన్ ప్రైమ్ అంతటిది మన దేశంలో ఫ్రీ ట్రయల్‌ను కొంతకాలం ఆపేసింది. ముందుగా చెప్పి తీసుకోమంటే ఇంత సర్దుబాటు కావాల్సి వచ్చిందంటే, చెప్పకుండా తీసుకోవడం ఎంత అలవాటైపోయిందో చూడండి. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ 13 రకాల మాయదారి పద్ధతుల జాబితా ఇచ్చింది. చేరడం తేలిక, బయటికి రావడం కష్టం చేసే చందా ఉచ్చు అందులో ఒకటి.

డబ్బు పందెం ఆటలను ఈ కథలో కలపకూడదు. రమ్మీ యాప్‌లు చేరగానే బోనస్ అని చూపించిన డబ్బు ట్రయల్ కాదు, ఎర. మన రాష్ట్రం 2020 సెప్టెంబర్‌లోనే వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, పందెం లేకుండా చందా కట్టి ఆడే ఆటలను వేరుగా చూసింది. ఆ తేడా పాటించడం న్యాయం. గేమ్ చేసినవాళ్లకు డబ్బు రావాలి, చందా కట్టి ఆడటంలో తప్పేమీ లేదు. అడిగి తీసుకోవాలి, అంతే.

ఇది చదివిన అమ్మలకూ నాన్నలకూ ఒక మనవి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక చోటు ఉంటుంది, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్లు అని ఇంకోటి. ఈ రోజే తెరిచి చూడండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని చూడండి. ఫోన్‌లోంచి గేమ్ తీసేస్తే చందా ఆగదు, అక్కడే రద్దు చేయాలి. ట్రయల్ మొదలుపెట్టిన రోజునే ఆఖరి తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి. అడక్కుండా డబ్బు తీసుకొని, కంపెనీవాళ్లు పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.